బొమ్మ వంతెనకు తుప్పు పట్టిద్దాం!

కొన్నేళ్ళ కిందటి మాట. మా బడిలో వైజ్ఞానిక ప్రదర్శన జరుగుతూ ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద ఉన్న పాత రైలు వంతెన నమూనా తయారు చేశాడు. అట్టలు, ఐస్‌క్రీము పుల్లలు, తెల్ల జిగురు – ఇవే సరంజామా. రెండు నెలలు కష్టపడ్డాడు. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి, “మాస్టారూ! వంతెన మరీ కొత్తగా కనిపిస్తోంది. నిజం వంతెనలా ఉండాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగాడు.

“దానికేముంది? తుప్పు రంగు పుయ్యి” అన్నాను నేను.

వాడు ఎరుపూ పసుపూ కలిపి మంచి నారింజ రంగు తయారు చేశాడు. దాన్ని గర్డర్లకూ, పట్టాలకూ, కమ్మీలకూ, అన్నిటికీ నిండుగా పూశాడు. పైన ఒక బొమ్మ రైలింజను నిలబెట్టాడు. ముందు “హేవలాక్ వంతెన – 1900” అని చీటీ పెట్టాడు. నాకూ బాగుందనే అనిపించింది.

ప్రదర్శన చూడడానికి ఒక పిల్లవాడి తాతగారు వచ్చారు. ఆయన రైల్వేలో కీమాన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కీమాన్ అంటే ఎవరో తెలుసా? ఎండ అయినా వాన అయినా రోజూ పట్టాల వెంబడి నడుస్తూ, వదులైన బిగింపులను సుత్తితో సరిచేస్తూ, ఎక్కడైనా పగులు ఉందేమో కనిపెట్టే మనిషి. ఆయన వంగి నమూనాను చాలాసేపు చూశారు. చూసి మెల్లగా నవ్వారు.

“బాబూ, ఈ వంతెన మీద బండ్లు మొదలైన సంవత్సరమే కదా నువ్వు రాసింది? పుట్టిన రోజునే ఇంత ముసలిదయిపోయిందా?” అన్నారు. మళ్ళీ చూసి, “పట్టా నెత్తిమీద కూడా తుప్పు ఉందే! అయితే దీనిమీద బండ్లు నడవడం లేదన్నమాట. మరి ఈ ఇంజను ఎట్లా వచ్చింది?” అన్నారు.

అబ్బాయి నా వంక చూశాడు. నేను తల వంచుకున్నాను. ఎందుకంటే తప్పు వాడిది కాదు, నాది. ఎన్నో ఏళ్ళుగా తుప్పు పాఠం చెబుతున్నాను. తుప్పుకు ఏమేం కావాలో చెప్పాను. సమీకరణం నల్లబల్ల మీద రాయించాను. కాని తుప్పు ఎక్కడ పడుతుంది, ఎక్కడ పట్టదు, చూసి రండి అని ఒక్కనాడూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి నమూనాలకు తుప్పు రంగు వెయ్యడమే ఒక పాఠంగా చెబుతున్నాను. ఆ పాఠాన్నే ఇప్పుడు మీకూ చెబుతాను. దీనిలో సూత్రం ఒక్కటే: కారణం చెప్పలేని చోట తుప్పు మచ్చ పెట్టకండి.

తుప్పు ఎట్లా పుడుతుంది?

ఇనుము తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజనూ, నీరూ రెండూ కావాలని మీరు చదువుకున్నారు. పొడిగాలిలో ఉంచిన మేకు తుప్పు పట్టదు. కాచి, పైన నూనె పొర పోసిన నీటిలో మునిగిన మేకూ తుప్పు పట్టదు. గాలీ నీరూ కలిసి తగిలిన మేకే తుప్పు పడుతుంది. ఇనుము, ఆక్సిజను, నీరు కలిసి ఏర్పడిన సజల ఫెర్రిక్ ఆక్సైడే తుప్పు.

ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. ఇప్పుడు పుస్తకం మూసి ఒక ప్రయోగం చెయ్యండి. ఒక ఇనుపరేకు ముక్కను గరుకు కాగితంతో రుద్ది తళతళలాడేటట్లు చెయ్యండి. దానిమీద ఒకే ఒక ఉప్పునీటి చుక్క వెయ్యండి. కొన్ని గంటల తరువాత చూడండి. చుక్క కింద తుప్పు అంతటా సమానంగా ఉండదు. మధ్యలో ఇనుము మసకబారి ఉంటుంది. దాని చుట్టూ ఉంగరంలా గోధుమరంగు తుప్పు ఏర్పడుతుంది.

ఎందుకిలా జరిగింది? చుక్క అంచులు పలుచన. అక్కడికి గాలి సులువుగా చేరుతుంది. మధ్యభాగం మందం. అక్కడికి ఆక్సిజను తక్కువగా అందుతుంది. ఆక్సిజను తక్కువగా ఉన్న మధ్యభాగంలో ఇనుము కరిగి అయానులుగా నీటిలోకి వస్తుంది. ఆ అయానులు అంచువైపు వెళ్ళి, ఆక్సిజను కలిసిన చోట తుప్పుగా మారతాయి. అంటే చుక్కలో ఒక చిన్న విద్యుత్ ఘటం తయారయిందన్నమాట! ఉప్పు నీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది కాబట్టి ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళలో కిటికీ కమ్మీలు త్వరగా పాడవడానికి కారణం ఇదే.

ఈ చుక్క మనకు రెండు విషయాలు నేర్పుతుంది. ఒకటి: ఇనుము తినబడే చోటూ, తుప్పు పేరుకునే చోటూ ఎప్పుడూ ఒకటి కావు. రెండు: తుప్పు మచ్చలో ఒకే రంగు ఉండదు. మీరు కుంచెతో మచ్చ పెట్టేటప్పుడు మధ్యలో ముదురుగా, అంచున లేతగా పెడితే అది మచ్చలా కనిపిస్తుంది. ఒకే రంగుతో పెడితే సిరా పడినట్లు ఉంటుంది.

తుప్పుకు నచ్చే చోట్లు

ఇప్పుడు బయటికి వెళ్ళండి. మీ బడి గేటు, చేతిపంపు, బస్సు అడుగుభాగం, పొలంలో పడి ఉన్న నాగలికర్రు, పాత సైకిలు – ఏదైనా సరే. చేతిలో నోటుపుస్తకం, పెన్సిలు ఉంచుకోండి. పరిశీలించి బొమ్మ గీయండి. మీకు ఈ సంగతులు కనిపిస్తాయి.

మొదటిది – నీరు నిలిచే చోట తుప్పు ఎక్కువ. నిలువు కమ్మీమీద నీరు జారిపోతుంది, ఎండకు త్వరగా ఆరిపోతుంది. అడ్డుకమ్మీ మీద నిలుస్తుంది. రెండు రేకులు కలిసిన సందులో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. దుమ్మూ ఆకులూ పేరుకున్న మూలల్లో తడి రోజుల తరబడి ఉంటుంది. గేటు పైభాగం బాగానే ఉన్నా నేలకు దగ్గరగా ఉన్న భాగం చిల్లులు పడడం మీరు చూసే ఉంటారు.

రెండవది – రంగు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. రంగు పలకల మధ్యలో కంటె అంచుల్లో, మూలల్లో పలుచగా ఉంటుంది. దెబ్బలు తగిలేదీ అక్కడే. తుప్పు ఒకసారి రంగు కిందికి దూరిందా, ఇక ఆగదు. తాను పుట్టిన ఇనుముకంటె తుప్పుకు రెట్టింపుకు మించిన చోటు కావాలి. అందుకని పైనున్న రంగును బుడగలా పైకి నెడుతుంది. బుడగ పగిలి పెచ్చు ఊడుతుంది.

మూడవది – తుప్పు నీటితో పాటు కిందికి జారుతుంది. బోల్టు దగ్గర పుట్టిన తుప్పు వానకు కరిగి చారగా దిగుతుంది. చార మొదట్లో ముదురుగా, సన్నగా ఉండి, కిందికి పోయేకొద్దీ వెలిసిపోతుంది. చారలన్నీ నేలవైపే పోతాయి. పక్కకు పోయే చార పెట్టారంటే మీ నమూనాలో భూమ్యాకర్షణ శక్తి లేదన్నమాట!

నాలుగవది – రాపిడి ఉన్న చోట తుప్పు నిలవదు. రైలుపట్టా పక్కలు గోధుమరంగుగా ఉంటాయి. నెత్తి మాత్రం చక్రాల రాపిడికి అద్దంలా మెరుస్తుంది. బండ్లు ఆగిపోతే కొద్దిరోజులకే అక్కడా తుప్పు కమ్ముతుంది. కీమాన్ తాతగారు ఒక్క చూపులో కనిపెట్టింది దీన్నే. నాగలికర్రు మొన, గేటు గడియ, చేతిపంపు పిడి – వాడే చేతులు ఎక్కడ తగులుతాయో అక్కడ మెరుపు ఉంటుంది.

అయిదవది – కొత్త తుప్పు వేరు, పాత తుప్పు వేరు. నిన్నటి వానకు పట్టిన తుప్పు నారింజ రంగుగా, పొడిగా ఉంటుంది. ఏళ్ళనాటి తుప్పు ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. పొరను గీకితే అడుగున నల్లగా ఉండే ఇనుప ఆక్సైడు కూడా కనబడవచ్చు. అందుచేత పాత వస్తువు మీద ముదురు గోధుమ ఎక్కువగా, నారింజ చాలా తక్కువగా ఉండాలి. మా అబ్బాయి సరిగ్గా దీనికి తలకిందులుగా చేశాడు.

తుప్పుకు తుప్పే రంగు

ఈ రంగులన్నీ ఎక్కడ కొనాలి అని మీరు దిగులు పడకండి. సగం రంగులు మీ పెరట్లోనే ఉన్నాయి.

అరుగులకూ గడపలకూ పూసే జేగురు మీకు తెలుసు. కొన్ని చోట్ల దాన్ని జాజు అంటారు. దానికి ఆ ఎరుపు ఎలా వచ్చింది? అది ఇనుప ఆక్సైడు వల్ల వచ్చింది. ఇటుకల ఎరుపూ ఇనుప ఆక్సైడుదే. రంగుల దుకాణంలో దొరికే ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టిలోనూ ఇనుప ఆక్సైడే ఉంది. కాకపోతే దానిలో నీరు కూడా కలిసి ఉంటుంది. ఆ పసుపు మట్టిని బాగా వేడిచేస్తే నీరు పోయి ఎర్రగా మారుతుంది. కుమ్మరి ఆవంలో కుండ ఎర్రబడడంలోనూ ఇనుప ఆక్సైడుకే పాత్ర ఉంది.

చూశారా వింత! తుప్పును చిత్రించడానికి మనం వాడే రంగు తుప్పుకు దగ్గర చుట్టమే. ఇంకో వింత: కిటికీ కమ్మీలకు తుప్పు పట్టకుండా మొదట పూసే రెడ్ ఆక్సైడు పూతకు ఆ రంగునిచ్చేదీ ఇనుప ఆక్సైడే. పూర్తిగా ఆక్సైడుగా మారిన ఇనుము ఇక తుప్పు పట్టదు గదా! నూనెలోనో రెజిన్‌లోనో కలిపి పూస్తే అది లోపలి ఇనుముకు గొడుగు పడుతుంది.

కాబట్టి జేగురు, మెత్తగా నూరిన ఇటుకపొడి, పసుపు మట్టి, బొగ్గుపొడి – ఈ నాలుగూ వస్త్రకాయితం పట్టి, విడివిడిగా సీసాల్లో పోసి పెట్టుకోండి. అసలు తుప్పే కావాలంటే పాత్రలు తోమే మామూలు ఇనుపపీచును ఉప్పునీటిలో తడిపి పళ్ళెంలో వదిలెయ్యండి. ఆరినప్పుడల్లా మళ్ళీ తడపండి. వారం పదిరోజుల్లో పొడి చేసుకోదగిన తుప్పు వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పీచు మాత్రం పనికిరాదు. దానిలోని క్రోమియం పైన కంటికి కనిపించని ఆక్సైడు పొరను ఏర్పరచి ఇనుమును కాపాడుతుంది.

ఒక జాగ్రత్త. పొడులు నూరేటప్పుడు, జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రంగు బాగుంది గదా అని సిందూరాన్ని వాడకండి. అసలైన సిందూరం సీసపు ఆక్సైడు. అది విషం.

కొలత మరిచిపోకండి

హేవలాక్ వంతెనకు 56 అంకణాలు ఉన్నాయి. రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు పెట్టి కట్టారు. ఒక్కొక్క అంకణం సుమారు 45.7 మీటర్లు. మనం నూరో వంతు కొలతలో నమూనా చేద్దామనుకోండి. ఒక్క అంకణం 45.7 సెంటీమీటర్లు అవుతుంది. బల్లమీద చక్కగా సరిపోతుంది. మొత్తం వంతెన చెయ్యాలంటే 25 మీటర్లకు పైగా స్థలం కావాలి! అందుచేత ఒక్క అంకణం చాలు.

ఇప్పుడు లెక్క వెయ్యండి. నూరో వంతు కొలతలో 1 మిల్లీమీటరు అంటే నిజంలో 10 సెంటీమీటర్లు. తుప్పు గరుకుగా కనిపించాలని మీరు ఇసుక అంటించారనుకోండి. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు నిజం వంతెన మీద మీ పిడికిలి కంటె పెద్ద గడ్డతో సమానం. అంత తుప్పుగడ్డలున్న వంతెన ఎప్పుడో కూలిపోయి ఉండాలి. రివెట్ తల 3 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే నమూనాలో అది 0.3 మిల్లీమీటరు. అంటే గుండుసూది మొనతో పొడిచినంత. కనుక పొడులు పిండిలా మెత్తగా ఉండాలి. కుంచె సన్నగా ఉండాలి. చేయి పొదుపుగా ఉండాలి.

ఇక పని మొదలుపెడదాం

పోస్టరు రంగులకు బదులు అక్రిలిక్ రంగులు తీసుకోండి. పోస్టరు రంగు ఆరిన తరువాత కూడా తడి తగిలితే కరుగుతుంది. పైన రెండో పూత వేస్తే కిందిది లేచి బురద అవుతుంది. అక్రిలిక్ ఒకసారి ఆరితే నీటికి కరగదు. మనకు ఒకదానిమీద ఒకటి చాలా పూతలు కావాలి.

మొదటి పూత: నలుపులో జేగురు రంగు కలిపి ముదురు గోధుమరంగు తయారు చెయ్యండి. నమూనా అంతటా పూసి పూర్తిగా ఆరనివ్వండి. రంగు లేచినప్పుడు బయటపడవలసిన పాత తుప్పు ఇదే. మనం దాన్ని ముందే లోపల దాచిపెడుతున్నాం.

రెండవ పూత: మన దేశంలో రైలు వంతెనల గర్డర్లకు సాధారణంగా ఎర్ర పూత మీద వెండిరంగు అల్యూమినియం పెయింటు వేస్తారు. మనమూ వెండిరంగే వేద్దాం. అయితే వెయ్యబోయే ముందు, రంగు పెచ్చులూడాలనుకున్న చోట్ల – అంచుల్లో, అతుకుల్లో – అగ్గిపుల్లతో పళ్ళు తోముకునే పేస్టును చిన్న చిన్న చుక్కలుగా పెట్టండి. వాటిమీదుగానే వెండిరంగు వెయ్యండి. ఆరిన తరువాత తడిగుడ్డతో మెల్లగా తుడవండి. పేస్టు ఉన్నచోట పైరంగు ఊడి, కింది గోధుమరంగు బయటపడుతుంది. పెచ్చు అంచు కూడా నిజం పెచ్చులాగే ఉంటుంది.

మూడవ పని: స్పంజి ముక్క ఒకటి చింపండి. కత్తిరించకండి, చింపండి. గోధుమరంగులో అద్ది, ఆ రంగును కాగితం మీద దాదాపు అంతా ఒత్తెయ్యండి. మిగిలిన కొద్దిపాటి రంగుతో అంచుల వెంబడి తేలికగా తట్టండి. కుంచెతో పెట్టిన చుక్కలు తెలియకుండానే వరసకడతాయి. స్పంజి అలా వరసకట్టదు.

నాలుగవ పని: గోధుమరంగులో నీళ్ళు పోసి పలుచని టీనీళ్ళలా చెయ్యండి. కుంచెతో అతుకుల దగ్గర ముట్టించండి. కేశనాళిక చర్య వల్ల ఆ నీళ్ళు వాటంతట అవే సందుల్లోకి పాకుతాయి. వాననీరు కూడా సరిగ్గా అక్కడికే పాకుతుంది. మీరు చెయ్యవలసిందల్లా దారి వదలడమే.

అయిదవ పని: చారలు. రివెట్ కింద నారింజ గోధుమరంగు చుక్క ఒకటి పెట్టండి. అది ఆరకముందే, తడిపి పిండిన శుభ్రమైన కుంచెతో పైనుంచి కిందికి ఒక్కసారి లాగండి. మీ అంకణంలో రివెట్లు ఎన్ని ఉన్నా చారలు నాలుగైదు దగ్గరే పెట్టండి. ఎందుకో తరువాత చెబుతాను.

ఆరవ పని: నీరు నిలిచే అడ్డుభాగాల మీద, మూలల్లో పొడి రంగులను మెత్తని కుంచెతో అద్దండి. ముందు ముదురు రంగు, దానిమీద కొంచెం ఇటుకపొడి, అక్కడక్కడ చిటికెడు పసుపు. ఎక్కువైతే ఊదెయ్యకండి. పొడి కళ్ళలో పడుతుంది. మెత్తని కుంచెతోనే తుడవండి. నిలిచి ఉండాలంటే తెల్ల జిగురులో బాగా నీళ్ళు కలిపి, చుక్కచుక్కగా వదలండి. తడికి రంగు కాస్త ముదురుతుంది. ఆ సంగతి ముందే గుర్తుంచుకోండి.

ఆఖరి పని: పట్టా పక్కలకు గోధుమరంగు వెయ్యండి. నెత్తిమీద మాత్రం మెత్తని పెన్సిలు ములుకుతో పొడుగునా రుద్దండి. పెన్సిలులోని గ్రాఫైటు ఉక్కులా మెరుస్తుంది. ఇప్పుడు మీ బండి నడుస్తుంది!

ఎప్పుడు ఆపాలి? కూరలో ఉప్పు లాంటిది తుప్పు. తక్కువైతే కలుపుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం. ఒక్కొక్క పని అయ్యాక నమూనాను మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టి చూడండి. మొదట మీ కంటికి వంతెన కనబడాలి, ఆ తరువాతే తుప్పు కనబడాలి.

అన్ని లోహాలూ ఇనుము కావు

విమానం నమూనా చేసి, రెక్కలకు నారింజ తుప్పు వేసిన వాళ్ళను నేను చూశాను. విమానం పైరేకు సాధారణంగా అల్యూమినియం మిశ్రమలోహం. అల్యూమినియానికి గోధుమరంగు తుప్పు పట్టదు. మసకబారి, తెల్లని పొడిలా మారుతుంది. జింకుపూత ఉన్న ఇనుపరేకు కూడా మొదట మసక బూడిదరంగుకు తిరుగుతుంది. జింకు పూర్తిగా అరిగిన చోట, మేకుల చిల్లుల దగ్గర అసలు తుప్పు మొదలవుతుంది. రాగికి ఆకుపచ్చ చిలుము పడుతుంది.

న్యూయార్కులో 1886లో నిలబెట్టిన స్వేచ్ఛా విగ్రహం ఆకుపచ్చగా ఉండడానికి కారణం రాగి చిలుమే. ఆ చిలుము లోపలి రాగిని కాపాడుతూ ఉంది. ఇబ్బంది వచ్చింది లోపలున్న ఇనుప చట్రానికి. రాగి, ఇనుము ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పెట్టిన పొర కాలక్రమాన పాడయింది. తడిలో రెండు లోహాలూ తగిలేసరికి విద్యుత్ ఘటం ఏర్పడి ఇనుము తినబడింది. 1986 నాటికి, అంటే నూరేళ్ళ పండుగకు, ఆ ఇనుప పట్టీలను తీసి స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు వేశారు.

ఇక ఢిల్లీలోని ఇనుపస్తంభం చూడండి. సుమారు 1600 ఏళ్ళనాటిది. అంత వానలోనూ ఎండలోనూ నిలబడి ఉంది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన పలుచని గట్టి పొర ఏర్పడి లోపలి ఇనుమును కాపాడింది. దాని నమూనాకు పెచ్చులు, చారలు పెట్టారంటే మన పూర్వుల పనితనాన్ని తక్కువ చేసినట్లే.

వెండిరంగు వంతెన కథ

“ఇదంతా బొమ్మల పని. దీనికింత శ్రద్ధ ఎందుకు?” అని మీకు అనిపించవచ్చు. రివెట్ చారలు నాలుగైదే పెట్టమన్నానే, దాని సంగతి చెబుతాను.

వంతెనలను తనిఖీ చేసేవాళ్ళు రివెట్ల చుట్టూ తుప్పు చార ఉందేమో చూస్తారు. గట్టిగా బిగిసి ఉన్న రివెట్ దగ్గర నీరు దూరడానికి సందు ఉండదు. వదులైనది కదులుతుంది. కదిలితే రంగు పగులుతుంది, నీరు దూరుతుంది, తుప్పు చార బయటికి వస్తుంది. అంటే ఆ చార, “నన్ను ఒకసారి చూడండి” అని రివెట్ రాసిన ఉత్తరం లాంటిది. మీరు ప్రతి రివెట్ కిందా చార పెడితే, మీ వంతెనలో ప్రతి రివెట్టూ వదులైనట్లే!

అయితే అన్ని ఉత్తరాలూ బయటికి రావు. అమెరికాలో ఒహాయో నది మీద 1928లో ఒక వంతెన ప్రారంభించారు. అల్యూమినియం పెయింటు వల్ల దాన్ని సిల్వర్ బ్రిడ్జి అనేవాళ్ళు. 1967 డిసెంబరు 15 సాయంత్రం, వంతెన నిండా వాహనాలు ఉండగా అది నదిలో కూలిపోయింది. 46 మంది చనిపోయారు. దాన్ని మోసే ఉక్కు గొలుసులో ఒక కడ్డీ కంటి దగ్గర చిన్న పగులు ఏర్పడింది. తేమ వల్ల లోహం తినబడుతూ, బరువు లాగుతూ ఆ పగులు పెరిగింది. కడ్డీ విరిగే నాటికి దాని లోతు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అతుకు లోపలి వైపు ఉండడం వల్ల, విప్పి చూస్తేగాని అది కనిపించదు. ఆ ప్రమాదం తరువాతే అమెరికాలో దేశమంతటా వంతెనలను క్రమం తప్పకుండా తనిఖీ చెయ్యాలనే చట్టం వచ్చింది.

మన నమూనా కొలతలో ఆ పగులు ఎంతో లెక్క వెయ్యండి. 0.025 మిల్లీమీటరు! ఏ కుంచె దాన్ని గీయగలదు? మెరిసే రంగు కింద ఏముందో రంగును చూసి చెప్పలేం. అందుకే కీమాన్‌లు నడుస్తారు, ఇంజనీర్లు సుత్తితో తట్టి చూస్తారు.

మూడు వయస్సులు

మా అబ్బాయి సంగతి చెప్పడం మరిచాను. కీమాన్ తాతగారి మాటకు వాడు ఆ రోజు చిన్నబుచ్చుకున్నాడు. కాని వారం తరువాత ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన వాణ్ణి తీసుకువెళ్ళి, దూరం నుంచే పట్టాలు ఎక్కడ మెరుస్తాయో, ఎక్కడ తుప్పు పడతాయో చూపించారట. మీరు కూడా రైలు పట్టాల దగ్గరికి ఒంటరిగా ఎన్నడూ వెళ్ళకండి. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినా కావలసినంత కనిపిస్తుంది.

మరుసటి ఏడాది వాడు ఒకే అంకణాన్ని మూడుసార్లు చేసి తెచ్చాడు. మొదటిదానికి “1900” అని చీటీ. రంగు మెరుస్తూ ఉంది, ఎక్కడా ఒక్క మచ్చ లేదు. రెండవదానికి “1996” అని చీటీ. అతుకుల్లో తుప్పు, రెండు మూడు చారలు, అయినా పట్టా నెత్తి తళతళ. 1997లో ఆ వంతెనను రైళ్ళ నుంచి విరమింపజేశారు. మూడవదానికి “బండ్లు ఆగిన తరువాతి వానాకాలం” అని చీటీ. దానిలో వాడు చేసిన మార్పు ఒక్కటే. పట్టా నెత్తిమీద పలుచగా నారింజ పొడి.

వాడికి బహుమతి రాలేదు. తాతగారు మాత్రం మూడవ నమూనా దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఈసారి ఆయన నవ్వలేదు. “అవును బాబూ, ఇట్లాగే ఉండేది” అన్నారు.

మీరు చెయ్యండి

1. మీ బడిలో ఒక ఇనుప వస్తువును ఎంచుకోండి. దానిమీద తుప్పు ఉన్న అయిదు చోట్లు, లేని అయిదు చోట్లు రాయండి. ప్రతిదానికీ కారణం రాయండి.

2. ఆ వస్తువునే వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి బొమ్మ గీయండి. ఏం మారింది?

3. 1 మీటరు ఎత్తున్న చేతిపంపుకు పదో వంతు కొలతలో నమూనా చెయ్యండి. నిజం పంపు మీద 2 సెంటీమీటర్లు ఉన్న తుప్పు మచ్చ మీ నమూనా మీద ఎంత ఉండాలి?

4. నమూనా పూర్తయ్యాక మీ నేస్తాన్ని పిలిచి, ఏదైనా ఒక మచ్చ మీద వేలు పెట్టి, “ఇది ఇక్కడెందుకు ఉంది?” అని అడగమనండి. జవాబు చెప్పగలిగితే ఆ మచ్చను ఉంచండి. చెప్పలేకపోతే తుడిచెయ్యండి.